పాత రోడ్డు, వాకింగ్ ట్రాక్, మా వదిన వడ్లు

మెదక్ నుంచి పాపన్నపేట దిక్కు వెళ్తుంటే, ఊరు దాటీ దాటగానే రోడ్డు ఇప్పుడు తిన్నగా పోతుంది. ఇదివరకు అలా ఉండేది కాదు. కుంట కట్టను చుట్టుకొని పెద్ద మలుపు తిరిగి, రెండు పాత కల్వర్టులు దాటి, అవతల మళ్ళీ తిన్నగా అయ్యేది. ఆ మలుపులో బోల్తా పడిన బండ్లకు లెక్క లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మలుపును వదిలేసి పొలాల మధ్యనుంచి కొత్త రోడ్డు తీసుకుపోయారు. పాతది అలాగే పడి ఉండిపోయింది. మా ఇల్లు ఆ మలుపు మొదట్లో చివరి గల్లీలో ఉంటుంది. అందుకని దాని భోగమూ చూశాను, దాని రోగమూ చూశాను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎక్కువగా ఆ రోడ్డు మీదే తిరిగాడు. ఏడుపాయల జాతరప్పుడు బస్సు టాపు మీద కూడా జనం ఉండేవాళ్ళు. ఆ మలుపులో బస్సు ఒక పక్కకు ఒరిగితే లోపల ఆడవాళ్ళంతా అమ్మవారిని తలుచుకునేవాళ్ళు. ఆయన మాత్రం ముఖంలో ఏమీ కనిపించనిచ్చేవాడు కాదు. ఇంటికొచ్చాక మాత్రం నా మీద అరిచేవాడు. రోడ్డు మీద దాచుకున్న భయమంతా ఇంట్లో కోపమై బయటికొచ్చేదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేనేమన్నా తక్కువ తిన్నానా, నేనూ అరిచేదాన్ని. మా ఇంట్లో గొడవ లేని రోజు ఉంటే పక్కింటివాళ్ళు వచ్చి బాగున్నారా అని అడిగేవాళ్ళు.

బండ్లు పోవడం ఆగిపోయాక పాత రోడ్డు మీద సీసా పెంకులు, చెత్త సంచులు, పడుకున్న బర్రెలు మిగిలాయి. పొద్దు గూకితే ఆడవాళ్ళెవరూ అటు పోయేవాళ్ళు కాదు. ఒక్క కోతల కాలంలోనే దానికి కళ వచ్చేది. మిషను కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ తగ్గితే తప్ప కొనుగోలు సెంటరులో కాంటా పెట్టరు. వెనకటిలాగా అలికిన కల్లాలు ఇప్పుడెవరికీ లేవు. అందుకని చుట్టుపక్కల రైతులంతా ట్రాక్టర్లతో తెచ్చి ఆ తారు మీద ఆరబోసేవాళ్ళు. తారు కాగితే వడ్లు తొందరగా ఆరతాయి.

అలా ఆరబోసేవాళ్ళలో మా వదిన మొదటిది. వదిన అంటే మా ఆయనకు అక్క. ఆమె పొలం సరిగ్గా పాత రోడ్డుకూ కొత్త రోడ్డుకూ మధ్యన ఉంటుంది. భర్త పోయాక వ్యవసాయం ఆమే చూసుకుంటోంది. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది గానీ నోరు తెరిచిందంటే పది మంది మగవాళ్ళు పక్కకు జరగాల్సిందే. యాసంగికీ వానకాలానికీ ఆమె వడ్లు పాత రోడ్డు మీదే ఆరేవి. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి ఇంత అన్నం తిని, మళ్ళీ పోయి వడ్ల దగ్గర కూర్చునేది.

మా ఆయన రిటైరైన తర్వాత ఒక పొద్దున నల్లా దగ్గర పళ్ళు తోముకుంటుంటే చేతిలో బ్రష్షు కింద పడింది. వంగి తీసుకోబోయి అటే ఒరిగిపోయాడు. పక్షవాతం. హైదరాబాదు తీసుకుపోయాం, ప్రాణం దక్కింది. మాట తిరిగి వచ్చింది. ఎడమ చెయ్యి సగం వచ్చింది. ఎడమ కాలు మాత్రం రాలేదు. మొద్దుబారిపోయి, నేలను రాసుకుంటూ వెనకాల ఈడ్చుకొచ్చేది. గిల్లినా తెలిసేది కాదు, వేడినీళ్ళు పోసినా తెలిసేది కాదు.

"రోజూ నడిపించాలమ్మా," అన్నాడు ఫిజియోథెరపీ డాక్టరు. "సాఫు నేల మీద, ఎంత దూరమైతే అంత. మొదట్ల కొన్ని నెలలే గట్టిగ పట్టుకోవాలె. గప్పుడు ఎంతొస్తే అంతే. తర్వాత కష్టం."

ఆ మాట నా గుండెలో రాయిలా పడింది. రాత్రింబగళ్ళు అదే ఆలోచన. మా గల్లీలో సాఫు నేల ఎక్కడుంది? మోరీ మీద బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అడ్డదిడ్డంగా బండ్లు పెడతారు, కుక్కలు. రెండుసార్లు పడబోయాడు. ఒకసారి నిజంగానే పడ్డాడు, నేను కింద, ఆయన నా మీద. లేవలేక ఇద్దరం అక్కడే కూర్చుని ఒకరినొకరం తిట్టుకున్నాం.

అప్పుడే పాత రోడ్డు మీద నా కన్ను పడింది. నేను ఇంట్లో మిషను కుడతాను. జాకెట్ల కోసం నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మందికి షుగరు, మిగతా సగానికి మోకాళ్ళ నొప్పులు. అందరినీ డాక్టర్లు నడవమనేవాళ్ళే, ఎక్కడ నడవాలో చెప్పినవాళ్ళు లేరు. నేను వాళ్ళను వెంటేసుకొని మా వార్డు నాయకుడి ఇంటి ముందు కూర్చున్నాను. ఆ రోడ్డు శుభ్రం చేయించి వాకింగ్ ట్రాక్ చేయించమని అడిగాను. ఒకసారి కాదు, ఆయన నన్ను చూస్తే వెనక తలుపు నుంచి పోయేదాకా అడిగాను. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన కూడా మాతో కలిశాడు. నిదానస్తుడు, ఏ మాటైనా తూచి మాట్లాడతాడు. ఆయన ఇంగ్లీషులో దరఖాస్తు రాశాడు. మా అదృష్టమో, ఎన్నికలు దగ్గర పడ్డందుకో, పని మంజూరైంది.

పని బాగానే చేశారు, కాదనను. గుంతలు పూడ్చి మలుపు పొడుగునా నున్నటి సిమెంటు బాట పోశారు. దానికి ఎర్ర రంగు వేశారు. పక్కన బెంచీలు, లైట్లు. కల్వర్టు గోడల మీద నెమళ్ళ బొమ్మలు. అటూ ఇటూ గేట్లు. ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో పెట్టి, పక్కన ఎర్రటి గుండె బొమ్మ కూడా పెట్టారు. ఇంకా ఓపెనింగ్ కాలేదు గానీ గేట్లు తీసే ఉండేవి. జనం అప్పటికే నడవడం మొదలుపెట్టారు.

నేను మా ఆయనకు కొత్త బూట్లు కొని తీసుకుపోయాను. మొదటి బెంచీ కూడా దాటలేదు. ఎదురొచ్చిన ప్రతివాడూ ఆగి పలకరించేవాడే.

"డ్రైవర్ సాబ్, ఇప్పుడు జర మంచిగుందా?"

"కాలు లేపుండ్రి సాబ్, లేపి ఎయ్యుండ్రి. గట్ల గుంజొద్దు."

ఇంకొకాయన ఫోను తీసి, వాళ్ళ బావమరిదికి కూడా ఇలాగే అయ్యిందని, ఏదో నూనె రాస్తే తగ్గిందని ఆ సీసా ఫోటో చూపించాడు. అందరూ మంచివాళ్ళే, ఎవరి మాటలోనూ చెడ్డతనం లేదు. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మా ఆయన తల వంచుకొని తన ఎడమ కాలినే చూసుకున్నాడు.

"నన్ను ఇంటికి తీస్కపో," అన్నాడు.

"జరంత దూరం నడువు. వాళ్ళేమన్నా పరాయోళ్ళా?"

"పరాయోళ్ళు కాదనే. అందరు నా బస్సెక్కినోళ్ళే."

ఆ తర్వాత ఎంత బతిమాలినా రాలేదు. బతిమాలడం అయిపోయాక తిట్టాను. తిట్టడం అయిపోయాక ఏడ్చాను. గోడకు మొహం తిప్పుకొని పడుకునేవాడు. డాక్టరు చెప్పిన నెలలు ఒకటొకటిగా జారిపోతున్నాయి. నాకు మనిషి బతికి దక్కాడు, అది చాలదా అని చుట్టాలు అనేవాళ్ళు. చాలదు. స్టీరింగు పట్టుకొని అంత పెద్ద బస్సును తిప్పిన మనిషి, బాత్రూముకు పోవడానికి నా భుజం కోసం ఎదురుచూస్తూ మంచం మీద కూర్చోవడం నేను చూడలేకపోయాను.

ఇంతలో యాసంగి కోతలొచ్చాయి. ఒక పొద్దున ట్రాక్టరు చప్పుడు విని బయటికొచ్చాను. మా వదిన ముందు నడుస్తోంది, వెనకాల ట్రాక్టరు. తిన్నగా గేటు దాటి ట్రాక్ మీదికి పోయింది. నేను చెప్పులు వేసుకోకుండా పరిగెత్తాను. అప్పటికే ట్రాలీ లేపారు. ఎర్రటి సిమెంటు మీద వడ్లు జలజలా పడుతున్నాయి. మా వదిన నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, ఆ బాటను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తోంది. అంత సంతోషంగా ఆమెను నేను ఎన్నడూ చూడలేదు.

"సర్కారోళ్ళకు గిన్నొద్దులకు మనం యాదికొచ్చినం మరదలా," అన్నది. "సూడు, కల్లం ఎంత నున్నగ జేసిన్రో. రాయి లేదు, రప్ప లేదు. కూసోనికి బెంచీలేసిన్రు. కావలి పండేటోళ్ళకు లైట్లు పెట్టిన్రు. బర్రెలు రాకుంట గేటు గూడ పెట్టిన్రు."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నేనూ ఆ బాటను ఆమెలాగే చూశాను. ఆమె చెప్పినవన్నీ చూస్తే నిజంగా వడ్ల కోసమే కట్టినట్టున్నాయి. ఆమె లెక్కలో ఆ రోడ్డుకు ఇంకో పని ఏముంది?

"వదినా, ఇది వడ్లకు కాదు. నడవనీకి కట్టిన్రు."

"నడిసి ఏడికి పోతరు?"

"ఏడికి పోరు. ఆ గేటు దాకా పోయి మళ్ళ ఈ గేటుకే వస్తరు."

"మరి ఎందుకు నడుసుడు?"

నేను ఏం చెప్పను? షుగరు గురించి చెప్పాను, కొవ్వు గురించి చెప్పాను. ఆమె సాంతం విని, "మా పొలంల నాటెయ్యనీకి రమ్మను, అన్ని తగ్గుతయి," అని వడ్లు పలచగా పరచడంలో పడింది. ఇంకో ఇద్దరు రైతులు కూడా ట్రాక్టర్లు తోలుకొచ్చారు. మధ్యాహ్నానికి సగం ట్రాక్ మీద వడ్లే.

అన్నానికి ఇంటికొచ్చినప్పుడు వదిన తమ్ముణ్ణి చూసి మంచం పక్కన కూర్చుంది. తర్వాత అన్నది:

"తమ్మీ, ఇంట్ల పండి ఏం జేస్తవ్? నా వడ్ల కాడ కూసో రాదు. మేకలొస్తే అదిలియ్యి. నాకు ఒక్కదానికి అయితలేదు."

నేను ఎన్ని రోజులు ఎన్ని రకాలుగా చెప్పినా కదలని మనిషి, ఆమె ఆ ఒక్క మాట అనగానే చెయ్యి చాపాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మండిన ఒళ్ళు అలాగే ఉంచుకొని, ఆ చెయ్యి పట్టుకొని తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాను.

వడ్లు ఆరబోసినవాళ్ళు ఊరికే కూర్చోరు. కింది వడ్లు పైకి రావాలంటే మాటిమాటికీ తిరగెయ్యాలి. దానికి పారలూ గీరలూ అక్కర్లేదు. చెప్పులు విడిచి వడ్లలోకి దిగి, కాళ్ళు పైకి లేపకుండా నేలకు ఆనించి, వడ్లను తోసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారు. పాదాల వెనకాల సాలు పడుతుంది. మళ్ళీ వెనక్కి తిరిగి పక్కన ఇంకో సాలు. కాలు లేపి నడిస్తే వడ్లు తిరగవు. ఈడ్చుకుంటూ నడవాలి.

సాయంత్రం ఆయన్ని తీసుకురావడానికి పోయాను. బెంచీ ఖాళీగా ఉంది. ఎక్కడ పడ్డాడో అని చుట్టూ చూశాను. వడ్లలో మా వదిన ఒక సాలు తీస్తోంది. ఆమె వెనకాల ఇంకో రైతు. వాళ్ళ పక్క సాలులో, చేతిలో ఒక కట్టె ఊతగా పట్టుకొని, లుంగీ పైకి కట్టి, మా ఆయన. రెండు కాళ్ళూ ఈడుస్తున్నాడు. ముగ్గురూ ఒకే తీరుగా నడుస్తున్నారు. ఏ కాలు మంచిదో, ఏ కాలు చెడిందో నేను కూడా కాసేపు పోల్చుకోలేకపోయాను.

నేను అక్కడే నిలబడి కొంగు నోట్లో పెట్టుకున్నాను. పిలిస్తే ఎక్కడ ఆగిపోతాడో అని పిలవలేదు. ఆయనే చూసి, కొస దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఉడుకు తెలుస్తుందే," అన్నాడు.

"ఏంది?"

"ఎడమ కాలికి. కింద వడ్ల ఉడుకు తెలుస్తుంది."

నేను వంగి ఆ పాదాన్ని చేత్తో ముట్టుకున్నాను. దుమ్ము కొట్టుకొని వెచ్చగా ఉంది. మా వదిన అవతల నుంచి, "మొగనికి కాళ్ళు మొక్కుడు అయినంక పొయ్యి చాయ్ పెట్టుకరా," అన్నది. నేను పోయి చాయ్ పెట్టుకొచ్చాను.

అప్పటినుంచి పొద్దున ఎండెక్కేసరికి ఆయనే తయారై కూర్చునేవాడు. ఫిజియో డాక్టరు వచ్చి మోకాలు వంచి చూసి, ఏం చేయిస్తున్నారని అడిగాడు. వడ్లు తిరగేస్తున్నాడని చెప్తే నవ్వి, వడ్లను తోస్తుంటే కండ గట్టిపడుతుందని, ఏది చేయిస్తున్నారో అది ఆపొద్దని అన్నాడు. మా ఆయన మళ్ళీ అన్నం మీద వంకలు పెట్టడం మొదలుపెట్టాడు, కూరలో ఉప్పు తక్కువైందని గిన్నె పక్కకు నెట్టాడు. నాకు పండగలా ఉండింది.

కానీ ట్రాక్ మీద నడిచేవాళ్ళకు పండగేమీ కాదు. వడ్ల దుమ్ముకు దగ్గు, ఒళ్ళంతా దురద. సిమెంటు మీద గింజలు చెదిరితే అవి కాలి కింద గుండ్రాళ్ళలా జారతాయి. హెడ్మాస్టరుగారి భార్య అలాగే జారి పడింది. మణికట్టు విరిగింది. ఆమెకు కట్టు మీదినుంచి పట్టేలాగా జాకెట్ చెయ్యి విప్పి కుట్టింది నేనే. ఆమె నొప్పితో పళ్ళు బిగించి కూర్చుంటే, ఆ వడ్లు మా ఇంటివే అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం కొలతల గురించే మాట్లాడుకున్నాం.

తర్వాతి రోజు హెడ్మాస్టరుగారు మా ఇంటికొచ్చారు. కోపంగా రాలేదు, అదే నాకు కష్టమైంది.

"అమ్మా, మీరు ముందల నిలబడి అడిగితేనే గా ట్రాకు వచ్చింది. ఇప్పుడు మీరే గిట్ల జేస్తే ఎట్ల?"

"సగం బాట మీకు ఇడుస్తం సార్. సగం వడ్లకు. నాలుగొద్దులు ఓర్చుకోండ్రి."

"సగం ఇచ్చినా గింజలు ఆగుతయా? మా ఇంట్ల ఏమైందో మీరు చూసిన్రు గద."

"మా ఆయన నడుస్తున్నడు సార్," అన్నాను. "ఆ వడ్లలనే నడుస్తున్నడు. ఉత్త నేల మీద నడుస్తలేడు."

"నాకు తెలుసమ్మా. నేను చూస్తున్న రోజు," అన్నారు. "కానీ ఇది నా చేతుల లేదు. ఓపెనింగుకు ఎమ్మెల్యే సారు వస్తున్నడు. మున్సిపల్ ఆఫీసోళ్ళే తీపిస్తరు."

అన్నట్టే మర్నాడు ఆఫీసు వాళ్ళు కూలీలను, పారలను తీసుకొని వచ్చారు. పొద్దు గూకేలోపు బాట ఖాళీ కావాలన్నారు. ఆకాశం మొగులు పట్టి ఉంది. వదిన వడ్లకు ఇంకా రెండు ఎండలు కావాలి. ఆమె ఎంత అరిచినా వినేవాళ్ళు లేరు. వాళ్ళలో ఒకడు, "ఏం పెద్దమ్మా, మీ మరదలే గద ట్రాకు కావాలని వార్డు లీడరు ఇంటి ముందట కూసున్నది. పొయ్యి ఆమెనడుగు," అన్నాడు.

మా వదిన నా వైపు తిరిగింది. ఆమె అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"నువ్వడిగినవా?"

"నీ తమ్ముని కోసం అడిగిన."

"నా తమ్ముడు ఏడ నడుస్తుండో సూడు," అన్నది.

కూలీలు ఒక కొస నుంచి వడ్లను పారలతో ట్రాలీలోకి ఎత్తుతున్నారు. మా ఆయన వడ్లలోనే ఉన్నాడు. ఆగలేదు. ఈ కొసకు రావడం, తిరిగి ఆ కొసకు పోవడం. వాళ్ళు ఎత్తినకొద్దీ ఆయన సాలు పొట్టిదైపోతోంది. ఒక కూలీ, "జరుగు తాతా," అంటే కొంచెం జరిగి మళ్ళీ నడిచాడు. ఆఖరికి గది అంత జాగ మిగిలింది, తర్వాత మంచమంత. ఆ తర్వాత చీపుర్లతో అది కూడా ఊడ్చేశారు. ఎర్ర సిమెంటు మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. ఒక అడుగు వెయ్యబోయాడు, ఎడమ కాలు రాలేదు.

"అక్కా, ఇంక లేవా?" అన్నాడు.

మా వదిన ట్రాక్టరెక్కి కూర్చుంది, వెనక్కి తిరిగి చూడలేదు.

నేను ట్రాక్ అడగడం తప్పని ఇప్పటికీ అనను. దాని మీద ఇప్పుడు పొద్దున్నే ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా నడుస్తారు. తాగుబోతులు లేరు, సీసా పెంకులు లేవు. హెడ్మాస్టరుగారి భార్య కూడా చెయ్యి బాగై నడుస్తోంది. ఎవరైనా అది వద్దంటే నేనే ముందు కొట్లాడతాను. నా బాధ అది కాదు. అది ఎవరి కోసం అడిగానో ఆ మనిషి దాని మీద కాలు పెట్టలేదు. ఇంట్లో నేల మీద వడ్లు పరిచి చూశాను, రెండడుగులకే గోడ అడ్డం వచ్చింది. "కోళ్ళకు ఏసినట్టు ఏసినవ్," అని మంచమెక్కాడు. వానలు మొదలైనాక మోకాలు మళ్ళీ బిగుసుకుంది. పాదం సంగతి అడిగితే, ఏమీ తెలియట్లేదనేవాడు. మా వదిన మా గడప తొక్కడం మానేసింది.

వానకాలం పంట కోతలప్పుడు పాలు పోసే ఆమె చెప్పింది, మా వదిన వడ్లు కొత్త రోడ్డు మీద ఆరబోసిందని. ఆమె పొలం అవతలి గట్టు ఆ రోడ్డుకే తగులుతుంది. పాత రోడ్డు లేకపోయాక ఆమెకు మిగిలింది అదే. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. కొత్త రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో మాకు ఇంట్లోకి వినిపిస్తుంది. రోడ్డు సగం ఆక్రమించి వడ్లు పోసి, అంచున రాళ్ళు పెట్టేవాళ్ళను మా ఆయన డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ తిట్టిపోశాడు. నేనూ తిట్టాను. ఆ రాళ్ళకు తగిలి బైకుల మీది పిల్లలు పడ్డ సంగతులు ఎన్ని విన్నామో.

పాలామె పోగానే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నన్ను అక్క కాడికి తీస్కపో."

"ఏడికి? లారీల కింద పడి సావనీకా?"

"తీస్కపో."

"నేను తీస్కపోను. నువ్వే గద అనేటోనివి, రోడ్డు మీద వడ్లు పోసేటోళ్ళకు బుద్ధి లేదని."

"అవును, అన్న," అన్నాడు. "గప్పుడు నాకు కాళ్ళుండె."

నేను వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడలాడిస్తూ కడిగాను. తిరిగొచ్చి చూస్తే మంచం మీద లేడు. గోడ పట్టుకొని వాకిలి దాకా పోయాడు. అక్కడినుంచి ముందుకు పట్టుకోవడానికి ఏమీ లేక, తలుపు చెక్కకు ఒరిగి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, కుడి కాలు వణుకుతోంది. పోయి ఆటో పిలిచాను.

మా వదిన బొంతలా పరిచిన వడ్ల అంచున నిలబడి, తమ్ముడు ఆటో దిగుతుంటే ఒక చెయ్యి పట్టింది. నేను ఇంకో చెయ్యి పట్టాను. ఆయన చెప్పులు విడిచి వడ్లలో కాలు పెట్టి, కళ్ళు మూసుకొని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మమ్మల్నిద్దరినీ వదిలించుకున్నాడు. ముందు కుడి కాలు తోసుకుంటూ పోయింది. వెనకాల ఎడమది, మెల్లగా, మొరాయిస్తూ, వచ్చింది. సాలు వంకరగా పడింది. ఆయన దాన్ని చూసుకొని ఇంకో అడుగు వేశాడు.

బండ్లు వస్తూనే ఉన్నాయి. కార్లవాళ్ళు అద్దాలు దించి తిట్టి పోతున్నారు. వాళ్ళ తిట్లలో తప్పేమీ లేదు, మేము ఉండకూడని చోటే ఉన్నాం. నేను వడ్లకూ బండ్లకూ మధ్య, రాళ్ళ అంచున నిలబడ్డాను. ఆయన ఎంత దూరం పోతే నేను పక్కన అంత దూరం పోతున్నాను. అవతలి నుంచి మా వదిన, "జర ఇవతలికి రా మరదలా," అన్నది. ఎన్నో నెలల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

అప్పుడే వెనకనుంచి ఇసుక లారీ ఒకటి హారను ఆపకుండా కొడుతూ వచ్చింది. ఎదురుగా ఇంకో బండి ఉండడం వల్ల అది పక్కకు పోయే దారి లేదు. మా ఆయనకు హారను వినిపించింది, మెడ బిగుసుకుంది, అయినా కాలు ఆపలేదు. ఎడమ కాలి కింద వడ్లు జరుగుతున్నాయి. ఆయన్ని చెయ్యి పట్టి అవతలికి లాగేద్దామని ఒక్క క్షణం అనిపించింది. లాగలేదు. రాళ్ళు దాటి నేనే ఇంకో అడుగు రోడ్డు మీదికి జరిగి, లారీకి ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డాను.